శారమ్మ ఎర్ర కాగితం

శారమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే రాసేవాణ్ణి కాదు. చేయమన్న పనికి మొహం చాటెయ్యడం, వద్దన్న పనిలో వేలు పెట్టడం చిన్నప్పటి నుంచీ నా గుణం. పైగా ఆమెను నేను ఏళ్ల తరబడి ఎగతాళి చేశాను. ఎగతాళి చేసినవాడే ఆమె కథ రాయడానికి కూర్చుంటే చూసేవాళ్లకు నవ్వు వస్తుంది. రానివ్వండి.

మాది చందూర్ దగ్గర చెరుకు రైతులంతా కలిసి కట్టించుకున్న చిన్న దవాఖాన. మూడు గదులు, ఒక వరండా, వరండాలో కుంటి బల్ల ఒకటి. డాక్టర్ దేవిదాస్‌రావు గారు బోధన్ నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చేవారు. మిగతా రోజులు దవాఖాన నడిపేది మేమిద్దరమే. ముందు గదిలో మందుల కిటికీ వెనక కాంపౌండర్ రాజారాం, అంటే నేను. వెనక గదిలో పుండ్లు కడిగి కట్లు కట్టే శారమ్మ. ఆమె పందొమ్మిది వందల అరవైలో మిషన్ దవాఖానలో పని నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం నిలువెత్తు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పేషెంటుతో మాట్లాడేది కాదు, పుండుతో మాట్లాడేది. చెరుకు కొడుతూ చేతిమీద కత్తి వేసుకున్నవాడు వచ్చి బల్లమీద కూర్చుంటే, వాడి మొహం కూడా చూడకుండా కట్టు విప్పి, “ఏంది, ఇయ్యాల అలిగినవా? మొన్న మంచిగనే ఉంటివి గద?” అని పుండును అడిగేది. వాడు తనను అడిగిందనుకుని, “లేదక్కా, మంచిగనే ఉన్న” అనేవాడు. “నిన్నెవరు అడిగిండ్రు?” అనేది శారమ్మ. నేను కిటికీ దగ్గర నుంచి ఈ ముచ్చటంతా విని, సీసాలు కడుక్కుంటూ నవ్వుకునేవాణ్ణి. ఒక్కోసారి గట్టిగానే నవ్వేవాణ్ణి.

ఆమె మొగుడు వీరస్వామిది చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం పరీక్ష చేసే చోట పని. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ప్రార్థనకు ఇంటికొచ్చేవాడు. మిల్లులోంచి వచ్చిన రసం కొంచెం పులుపుగా ఉంటుందట. దానిలో సున్నం పాలు పోసి వేడి చేస్తే మడ్డి అడుగుకు దిగి రసం తేటపడుతుంది. సున్నం తక్కువైతే తేటపడదు, ఎక్కువైతే రసం నల్లబడి చక్కెర పాడవుతుంది. అందుకని మాటిమాటికీ లిట్మస్ అనే ఎర్ర కాగితం ముక్క రసంలో ముంచి చూడాలి. పులుపు ఉంటే కాగితం ఎర్రగానే ఉంటుంది, సున్నం ఎక్కువైతే నీలంగా మారుతుంది. వీరస్వామి ఈ సంగతి చెప్పడం మొదలుపెడితే ప్రపంచంలో చక్కెర తినేవాళ్లంతా ఆయన చేతి చలవ వల్లనే తింటున్నారేమో అనిపించేది.

అరవై మూడులో, అట్టలు చిరిగి పనికిరావని ల్యాబు మాస్టరు పక్కన పెట్టేసిన ఎర్ర కాగితాల పుస్తకాలు కొన్ని వీరస్వామి తన పెళ్లానికి తెచ్చి ఇచ్చాడు. చీర తెచ్చినా అంత సంబరపడి ఉండేది కాదు శారమ్మ. పప్పుచారులో ముంచింది. సబ్బు నీళ్లలో ముంచింది. బావి నీళ్లలో, మజ్జిగలో, పక్కింటి మేక పాలలో కూడా ముంచింది. ఒకరోజు నా చాయ్‌లో కూడా ముంచింది. నేను కోప్పడితే కాగితం ముక్క నా మూతి ముందు పట్టుకుని, “జర నాలుక బయట పెట్టుండ్రి కంపౌండర్ సాబ్. ఎంత పులుపున్నదో సూద్దాం” అంది. వరండాలో కూర్చున్న పేషెంట్లంతా పకపకా నవ్వారు. ఆ కోపం నాకు చాలా రోజులు పోలేదు.

తర్వాత కాగితం పుండ్ల మీదికి ఎక్కింది. కట్టు విప్పగానే, కడగకముందే, చిన్న పట్టుకారుతో ఒక ముక్క పట్టుకుని పుండు తడిమీద ఆనించి లోలోపల ఇరవై లెక్కపెట్టేది. ఎండబెట్టిన ముక్కను తుమ్మ జిగురుతో ఒక నోటుబుక్కులో అంటించి, పక్కన పేరు, తారీకు రాసేది. మూడు నాలుగు నెలలయ్యాక నా దగ్గరికి ఆ పుస్తకం పట్టుకొచ్చి చూపించింది. ఎన్నాళ్లకూ మానని పుండ్లు కాగితాన్ని నీలం చేస్తున్నాయట. మానే దారిలో ఉన్న పుండ్లు రోజురోజుకూ ఆ నీలాన్ని తగ్గించుకుని చివరికి ఎర్రగానే వదిలేస్తున్నాయట. పైకి ఇంకా తేడా కనిపించకముందే కాగితం చెబుతోందట.

“అంటే ఇది పంచాంగమన్నమాట. ముహూర్తాలు కూడ పెడుతవా శారమ్మా?” అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. “పెడుత. మీ నోరు మూతవడే ముహూర్తం ఒక్కటే దొరుకుత లేదు” అని వెనక గదిలోకి పోయింది. ఆ రోజు నుంచి నేను ఆమెను పంచాంగమమ్మ అని పిలిచేవాణ్ణి. ఊళ్లో కూడా కొంతమంది ఆ పేరు అందుకున్నారు. నాకు అదొక గొప్పగా ఉండేది.

ముత్తన్న కాలు సంగతి వచ్చింది ఈ కాలంలోనే.

ముత్తన్నది రెండెకరాల చెరుకు, ఒక ఎడ్ల బండి. తన చెరుకుతో పాటు ఊళ్లోవాళ్ల చెరుకు కూడా ఫ్యాక్టరీకి తోలేవాడు. దసరా ముందు బురదలో బండి తోస్తుంటే చక్రం ఇనుప కమ్మి ఎడమ కాలి ముందు ఎముక మీద గీసుకుపోయింది. చిన్న దెబ్బే అనుకున్నారు. సంక్రాంతి దాటినా మానలేదు. అరచేయంత పుండు, చుట్టూ వాపు. రోజు విడిచి రోజు వాళ్ల అవ్వ హన్మవ్వ, అంటే తల్లి, భుజం పట్టుకుని నడిపించుకొచ్చేది. శారమ్మ ఉప్పునీళ్లతో కడిగి మలాం గుడ్డ వేసి కట్టు కట్టేది. కాగితం మాత్రం ప్రతిసారీ నీలమే. అందరి పుండ్ల కంటే ముదురు నీలం.

జనవరిలో ఒక శుక్రవారం డాక్టర్ గారు పుండు చుట్టూ వేలితో నొక్కి చూశారు.

“అరే బాబా, నాలుగు నెలల పుండు ఇది. ఎముకకు పాకితే పాణానికే మోసం. ఇంకో రెండు వారాలు చూస్త. అప్పటికి తగ్గకుంటే నిజామాబాద్ పెద్ద దవాఖానకు చిట్టీ రాస్త. మోకాలు కింద తీసేస్తరు” అన్నారు.

ముత్తన్న కాలు వెనక్కి లాక్కున్నాడు. “కాలు లేకుంటే బండెట్ల ఎక్కుత సార్? ఎడ్లు ఇంకొకని మాట ఇనయి” అన్నాడు. హన్మవ్వ గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. శారమ్మ పుండు వైపు చూస్తూ, మొదటిసారి, దానితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా కట్టు కట్టింది. నాకు భయం వేసింది. అప్పుడు కూడా నా భయం బయటికి చెప్పలేదు, సీసాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

తర్వాతి బుధవారం ముత్తన్న కట్టు విప్పి కాగితం పెట్టిన శారమ్మ, ఆ ముక్కను కిటికీ వెలుగుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో పాత కట్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“కంపౌండర్ సాబ్, పుండ్లకెల్లి వచ్చే నీలమైతే నడుమల ముదురుండాలె గద? గిది సూడుండ్రి. అంచులకు ముదురున్నది, నడుమల పల్చగున్నది. ఎవరో బయటికెల్లి పూసినట్టు” అంది.

“నీ పంచాంగం నాకెందుకు” అన్నాను.

ఆమె వినిపించుకోలేదు. పాత కట్టు విప్పి చూపించింది. దానిమీద పసుపు మరకలు. అదేమీ వింత కాదు. పసుపు ఉడకబెట్టే రోజులవి, హన్మవ్వ కూలికి పోయి కాగుల దగ్గరే ఉండేది, ఆమె చేతులు, చీర, కొడుకు కట్టు అన్నీ పచ్చగానే ఉండేవి. కానీ ఒక మూల ఎర్రటి మరక కూడా ఉంది.

“నెత్తురు” అన్నాను.

“నిమ్మ ఉప్పు నీళ్లు ఒక్క చుక్క పొయ్యుండ్రి” అంది.

సోడా మందు కలపడానికి నిమ్మ ఉప్పు నా దగ్గర ఎప్పుడూ ఉండేది. విసుక్కుంటూనే చెంచాడు నీళ్లలో కలిపి ఒక చుక్క ఆ మరక మీద వేశాను. మా ఇద్దరి కళ్ల ముందే ఎరుపు పోయి పసుపుపచ్చగా మారింది.

“నెత్తురైతే పచ్చగైతదా కంపౌండర్ సాబ్?”

నెత్తురు కాదు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని హారతి నీళ్లు కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. పులుపు తగిలితే ఆ ఎరుపు మళ్లీ పసుపవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంత వయసొచ్చి, ఇన్ని మందులు కలిపి, ఆ మాత్రం తెలియనందుకు సిగ్గు పడాల్సింది పోయి ఆమె మీద కోపం తెచ్చుకున్నాను.

శారమ్మ వరండాలో ఉన్న హన్మవ్వను లోపలికి పిలిచింది. “అవ్వా, ఈ కాలుకు ఇంట్ల ఏం పెడుతున్నవ్?”

“నేనేం పెడుత బిడ్డా? ఏం లేదు.”

“అవ్వా.”

హన్మవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. “పసుపు సున్నమే గద, విషమా? పొద్దు గూకినంక కట్టిప్పి చుట్టు పట్టు వేస్తున్న. పొద్దుగాల ఏడినీళ్లతోని కడిగి, మళ్ల అదే కట్టు కట్టి తోలుకొస్తున్న. నువ్వు తిడుతవని చెప్పలె.”

“ఎవరు పెట్టమన్నరు?”

హన్మవ్వ తలెత్తి నా కిటికీ వైపు చూసింది. ఒక్క క్షణమే. “ఎవలు చెప్తరు బిడ్డా? మా అత్త పెట్టేది. నేను పెట్టిన” అంది.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. దసరా తర్వాత ఒక రోజు, కిటికీ ముందు ముప్పై మంది తోసుకుంటుంటే, హన్మవ్వ ఆ గుంపులోంచి తల లోపలికి పెట్టి, “సారూ, పోరని కాలు వాసింది, పసుపు సున్నం పెడితె ఏమన్న అయితదా?” అని అడిగింది. బెణికిందేమో అనుకున్నాను. అనుకోవడం కాదు, అసలు ఏమీ అనుకోలేదు. “పెట్టుకో పెట్టుకో, ఏం కాదు. పక్కకు జరుగు” అన్నాను. మూడు నెలలు ఆ తల్లి నా మాట ప్రకారం కొడుకు పుండు అంచుల మీద సున్నం పెట్టింది. అది మొలుస్తున్న కొత్త తోలును ఎప్పటికప్పుడు కాల్చేసింది. ఇప్పుడు కాలు పోయేదాకా వచ్చాక కూడా ఆమె నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నిమ్మ ఉప్పు సీసాకు మూత బిగించి అలమారలో పెట్టాను.

శారమ్మ హన్మవ్వను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, “నువ్వు మంచికే పెట్టినవ్ అవ్వా. మన దగ్గర వాపుకు పెడుతరు, నిజమే. పుండుకు పెడితె కొత్త తోలు కాలిపోతది. ఇగ పెట్టకు” అంది. హన్మవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత శారమ్మ వెనక గదిలోకి పోయి ముత్తన్న పుండు వైపు తిరిగింది. “నీ తప్పేం లేదు పో. ఊకె నిన్ను తిట్టిన” అంది.

ఆ రోజు నుంచి కాగితం రంగు మారుతూ వచ్చింది. శుక్రవారం నీలం, ఆ వారం డాక్టర్ గారు రాలేదు. ఆదివారం కూడా నీలమే, కొంచెం పల్చగా. ఆ తర్వాత వంకాయ రంగు. పుండు మాత్రం పైకి చూస్తే అంతే అసహ్యంగా ఉంది. రెండు వారాల గడువు దగ్గర పడుతున్నది. నేను రోజూ ఏదో వంకతో వెనక గదిలోకి పోయి ఆ పుస్తకం తెరిచి చూసేవాణ్ణి. శారమ్మ చూసి, “ఏం సాబ్, పంచాంగం సదువుతున్నరా?” అనేది. నేను పుస్తకం మూసి ముందు గదిలోకి వచ్చేసేవాణ్ణి.

గడువు రోజు డాక్టర్ గారు వచ్చారు. కాలు చూశారు. తల అడ్డంగా ఊపి, చిట్టీ రాయడానికి కలం తీశారు. ముత్తన్న బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. శారమ్మ వెళ్లి పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టింది.

“సార్, పైకెల్లి గట్లనే కనిపిస్తది. కాయితం సూడుండ్రి. సున్నం బంద్ చేసిన నాటికెల్లి మారుతున్నది. ఇయ్యాల ఎర్రగనే ఉన్నది.”

సున్నం సంగతి విని డాక్టర్ గారు ముఖం చిట్లించారు. “ఎవరు పెట్టమన్నరు?”

నేను తల తిప్పి వరండా వైపు చూశాను.

“మన దగ్గర అలవాటే గద సార్” అంది శారమ్మ.

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పారు. “శారమ్మా, ఇది మనిషి కాలు. చెరుకు రసం కాదు.”

“రెండిట్ల సున్నం ఎక్కువైతె ఖరాబే సార్. మా ఆయన రసం ఒక్క గంట ఆగి సూస్తడు. మీరు ఒక్క వారం ఆగుండ్రి.”

డాక్టర్ గారికి నవ్వు వచ్చింది, దాచుకోవడానికి మీసం సవరించుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “రాజారాం, నువ్వేమంటవ్? నువ్వే గద దీనికి పంచాంగమని పేరు పెట్టింది?”

చెప్పాల్సిన నిజం గొంతు దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం సగమే. “ఆ కాగితం అబద్ధం చెప్పదు సార్. ఒక్క వారం చూద్దాం” అన్నాను. శారమ్మ నన్ను వింతగా చూసింది. మొదటిసారి ఆమె పక్షాన మాట్లాడానని మురిసిపోతోంది కాబోలు అనుకున్నాను. డాక్టర్ గారు కలం జేబులో పెట్టుకున్నారు.

మరుసటి శుక్రవారానికి పుండు నడుమ దానిమ్మ గింజల్లా ఎర్రగా కొత్త కండ మొలిచింది. డాక్టర్ గారు చూసి, “కాయ్ రే! కాగితమే ముందు చెప్పింది” అన్నారు. నెల తిరిగేసరికి అంచుల నుంచి తోలు లోపలికి పాకింది. ఫ్యాక్టరీ ఆ ఏటి చెరుకు గానుగాట ముగించకముందే ముత్తన్న చివరి రెండు బళ్ల చెరుకు తానే తోలుకుపోయాడు. దారిలో దవాఖాన ముందు బండి ఆపి, శారమ్మకు రెండు గడలు, నాకు రెండు గడలు ఇచ్చాడు. శారమ్మ తన గడ విరిచి, రసం చుక్క కాగితం మీద వేసి చూసిందే తప్ప తినలేదు. నేను నా గడలు తినలేక పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను.

ఆ తర్వాత కూడా నేను ఎగతాళి మానలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మానితే ఎందుకు మానానని అడుగుతారేమో అన్న భయం కొంత. అలవాటు కొంత. ఆమె కూడా తగ్గేది కాదు, నా మాటకు మాట అప్పజెప్పేది.

డెబ్బై అయిదులో శారమ్మ పని విరమించింది. వరండాలో కుంటి బల్ల మీద బూందీ, చాయ్ పెట్టుకున్నాం. వెళ్లేముందు ఆమె నోటుబుక్కులు నా చేతిలో పెట్టి, “కొత్త సిస్టరమ్మ వస్తే ఇయ్యుండ్రి. మీరు సదువకుండ్రి, మీకు సమజ్ కాదు” అంది. చదవొద్దంటే నేను ఆగుతానా? నా గుణం ఆమెకు తెలియదా?

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చుని మొదటి పుస్తకం తెరిచాను. కాగితాల రంగులు వెలిసిపోయాయి, నీలమేదో ఎరుపేదో పోల్చడం కష్టంగా ఉంది. ముత్తన్న పేజీ వచ్చింది. ఆ బుధవారం అంటించిన ముక్క కింద, వంకర టింకర అక్షరాల్లో ఇలా ఉంది.

“సున్నం. కంపౌండర్ సాబ్ పెట్టుకో అన్నడంట. అవ్వ ఏడ్చుకుంట చెప్పింది. డాక్టర్ సాబ్‌కు చెప్పొద్దు. మనిషి మంచోడే. నోరే పులుపు.”

చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. పదకొండేళ్లు. పదకొండేళ్లు నేను పంచాంగమమ్మా అని పిలుస్తుంటే, ఒక్క మాటతో నా నోరు మూయించగలిగి కూడా ఆమె ఆ మాట వాడలేదు. నాకు ఏడుపు వచ్చింది. మందుల కోసం వచ్చినవాళ్లు చూస్తారని కిటికీ తలుపు మూశాను.

ఆ సాయంత్రం ముత్తన్న ఇంటికి పోయాను. బండికి ఎడ్లను కడుతున్నాడు. హన్మవ్వ పోయి అప్పటికి మూడేళ్లు. వాకిట్లో నిలబడి, వచ్చేటప్పుడు దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, “ముత్తన్నా, నీ కాలుకు సున్నం పెట్టుమన్నది నేనే” అని ఒక్కసారిగా చెప్పేశాను.

ముత్తన్న కాడి మీద పగ్గం ముడి బిగించుకుంటూనే, “ఎరికే సార్” అన్నాడు.

“ఎరికేనా?”

“మా అవ్వ అప్పుడే చెప్పింది. మా గల్లీలోళ్లందరికీ ఎరికే. సార్ పాపం లోపల్లోపల కుములుతుండు, ఎవ్వలు అనకుండ్రని శారమ్మక్క చెప్పింది. మీరే ఎప్పుడు చెప్తరా అని సూస్తున్నం.” తలెత్తి నవ్వాడు. “మస్తు లేట్ జేసిండ్రు సార్.”

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. ముత్తన్న ఎడమ కాలు చక్రం ఆకు మీద పెట్టి ఒక్క ఊపులో బండెక్కాడు. మోకాలు కింద తెల్లటి మచ్చ మెరిసింది.

“ఎక్కుండ్రి సార్. శారమ్మక్క ఇంటి దాక దింపుత. గామెకు గూడ చెప్పొద్దా?”

నేను ఎక్కి అతని పక్కన కూర్చున్నాను.